పడని వేలిముద్రలు

పోయిన వారం మనం అత్తాకోడళ్ళిద్దర్నీ మూతపడ్డ చెప్పుల దుకాణం మెట్ల మీద వదిలేసి వచ్చాం. మనకేం, ఈ ఏడు రోజులూ వేళకి తిని, వేళకి పడుకున్నాం. వాళ్ళు మాత్రం ఆ మెట్ల మీదే ఉన్నారు. కోడలు, అదే మన కాజాలావిడ, కళ్ళు చిట్లించుకుని ఎదురుగోడ మీద అంటించిన జాబితా చదువుతోంది. ఇల్లూ వాకిలీ లేని కుటుంబాలకి ఆశ్రయంలో గదులిస్తున్నారు కదా, ఆ జాబితా. పక్క మెట్టు మీద పడుకునే గొడుగుల ముసలాయన పేరుంది. పాల డిపో అరుగు మీద పిల్లలతో ఉండే మనిషి పేరుంది. పైనుంచి కిందికి నాలుగుసార్లు, కిందినుంచి పైకి రెండుసార్లు చదివినా వీళ్ళ పేర్లు లేవు.

కొత్తగా ఈ కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు చెప్పేస్తాను. ఈవిడ పదిహేనేళ్ళపాటు చొక్కాలకి కాజాలు కుట్టింది. మొగుడు అదే దర్జీ కొట్లో కటింగ్ మాస్టరు. కొట్టు వెనక గదిలోనే కాపురం, అత్తగారితో సహా. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ భవనాన్ని కూలగొట్టారు. ఇళ్ళు పోయినవాళ్ళకి వేరేచోట ఫ్లాట్లిస్తామన్నారు. మొగుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టుకుని నెల్లాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి ఒకరోజు ఉసూరుమంటూ వచ్చి, మన పేరు రాలేదన్నాడు. ఇంకో ఊళ్ళో పని చూసుకుని ఇద్దర్నీ తీసుకెళ్తానని బస్సెక్కాడు. ఎక్కి నాలుగు నెలలైంది. బతికున్నాడో లేడో చెప్పేవాడు లేడు.

సరే, ఇక ఇవాళ్టి పొద్దున.

ఇవాళ పొద్దున కాజాలావిడ ముందు రెండు దారులున్నాయి. రెండూ వెధవ దారులే. తిండి బండి పదకొండున్నరకి కూడలిలోకి వస్తుంది. ఎవరి పళ్ళెం వాళ్ళే వరుసలో నిలబడి తీసుకోవాలి, ఒకరి బదులు ఇంకొకరికి ఇవ్వరు. ఆశ్రయం ఆఫీసు పదింటికి తెరిచి పన్నెండింటికి మూస్తారు. కూడలి ఈ చివర, ఆఫీసు ఆ చివర. ఆకలిగా ఉన్నవాళ్ళకీ ఇల్లు లేనివాళ్ళకీ ఒకే వేళ పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడికి ఈ రెండూ ఒకే మనిషికి ఉంటాయని తట్టి ఉండదు. నిన్న బండి దగ్గర వీళ్ళకి ఇంకా నలుగురు ముందుండగానే గిన్నె అడుగంటింది. ఆఖరుగా తిన్నది నిన్న పొద్దున చెరో సగం రొట్టె.

"ఆఫీసుకే పోదాం అత్తా" అంది కాజాలావిడ. "ఇవాళొక్క పూట ఓర్చుకున్నామంటే రోజూ గదిలో కూర్చుని తినొచ్చు."

"ఆ రేపాయన దగ్గరికేనా?" అంది అత్తగారు.

ఆఫీసులో కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకి ఆవిడ పెట్టిన పేరది. ఎప్పుడెళ్ళినా "రేపు రండి" అంటాడు కాబట్టి రేపాయన. "ఆయన పెళ్ళికి కూడా రేపే ముహూర్తం అనుంటాడు. పాపం ఆ పెళ్ళికూతురు ఇంకా పీటల మీదే ఉండుంటుంది" అని ముసలావిడ అంటే, కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే కోడలికి నవ్వొచ్చేది. ఈసారి మాత్రం ముసలావిడ ఆ మాట అనలేదు. "నువ్వెళ్ళిరా, నేనిక్కడే కూర్చుంటా" అంది.

"ఇద్దరూ రావాలట. పోయినసారే చెప్పాడు."

"నా కాళ్ళు చూడవే! రెండూ రెండు దిండ్లయ్యాయి."

"ఆ దిండ్ల మీద పడుకోవడం కోసమే గదా గది అడిగేది. లే, లే."

ముసలావిడ లేచింది. దారి పొడుగునా చాలాసార్లు ఆగింది. ఒకసారి చెప్పు తెగిందంది. ఒకసారి ఊపిరాడటం లేదంది. బేకరీ ముందు నిలబడిపోయింది, అక్కడైతే కాజాలావిడ కాళ్ళు కూడా వాటంతటవే ఆగాయి. లోపలినుంచి వేడి వేడి వాసన వచ్చి ముక్కులో దూరింది. అద్దంలో ఇద్దరూ కనిపించారు. ఒకావిడ భుజానికి సంచి, రెండో ఆవిడ ఒంటికి శాలువా. లోపల పిల్ల వాళ్ళని చూసి, కోప్పడకుండానే, తలుపు మెల్లగా వేసేసుకుంది.

ఆ సంచిలో ఏముందో మీకు గుర్తుండే ఉంటుంది. దువ్వెన, రెండు దుప్పట్లు, సూదుల డబ్బా, గుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర. మొగుడిది. దాన్ని అమ్మితే వారం రోజుల రొట్టె వస్తుందని అత్తగారు అంటే, పోయినవారం ఇద్దరికీ పెద్ద రభసే అయింది కదా. "వస్తే పనిముట్టు లేకుండా ఏం చేస్తాడు?" అని కోడలు. "వచ్చినప్పటి మాట, అమ్మెయ్యవే బాబూ" అని అత్త. కన్నతల్లి ఇలా అనడమేమిటని కాజాలావిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆఫీసులో పొడుగాటి బల్ల. దాని మీద అప్పటికే పదిమంది. గోడకి నీళ్ళ కుళాయి, దాని కింద పగిలిన బేసిను. కాజాలావిడ అత్తగారిని బల్ల చివర కూర్చోబెట్టి, చెంబులో నీళ్ళు పట్టి తాగించి, పక్కనే ఇరుక్కుని కూర్చుంది. వీళ్ళ వంతు రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో, చాలా రోజులుగా నాలిక చివర ఆడుతున్న మాట అడిగేసింది.

"అత్తా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఈ గదుల కోసం ఇల్లు లేనివాళ్ళ లెక్క రాసుకోవడానికి ఆ సర్వే అమ్మాయి మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు నేను నీళ్ళకి పోయాను. వేలిముద్ర నువ్వొక్కదానివే వేశావు. ఆ అమ్మాయితో ఏం చెప్పావు?"

ముసలావిడ కొంగుతో చెంబు తుడవడం మొదలుపెట్టింది.

"మాకు ఇల్లుందని గానీ చెప్పావా? గొడుగుల తాత అంటున్నాడు, ఇల్లున్నవాళ్ళ పేర్లన్నీ కొట్టేశారట."

"చెప్పానేమో."

"చెప్పానేమో ఏంటి అత్తా!"

"చెప్పానులే. నడమంత్రపు పిల్ల, ఎర్ర చెప్పుల జోడు వేసుకొచ్చి 'నీకు ఇల్లుందా, కప్పుందా, కుండుందా' అని అడుగుతుంటే ఒళ్ళు మండింది. ఉందే తల్లీ, రెండు గదులు, కిటికీ, కుళాయి కూడా, కాస్త గాలికి ఇలా వచ్చి కూర్చున్నాం అన్నా." ముసలావిడ గబగబా చెప్పేసింది. చెప్పాక, ఏదో బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలింది. "తిట్టు. తిట్టేయ్. తప్పు నాదే."

కాజాలావిడకి తిట్టాలనే ఉంది. పళ్ళు పటపట కొరికింది కూడా. కానీ ఈ ముసలిదాని పరువు ఆవిడకి తెలియంది కాదు. కొట్టు వెనక గదిలో ఉన్న రోజుల్లో కూడా, ఇంటికెవరొస్తే వాళ్ళకి, ఉన్న ఒక్క కుర్చీనీ "హాల్లో కుర్చీ" అని చూపించేది. హాలు ఎక్కడుందో ఆ వచ్చినవాళ్ళే వెతుక్కోవాలి.

"సరే. అయిందేదో అయింది" అంది కోడలు. "ఇప్పుడా కిటికీ దగ్గర నాకు ఇల్లు లేదు బాబూ అను. ఒక్క ముక్క. అంతే. అంటావా?"

ముసలావిడ తల ఊపింది. అవుననా కాదనా అర్థం కాకుండా ఊపింది.

బల్ల మీద జనం ఒక్కొక్కరే జరిగారు. వీళ్ళూ జరిగారు. గడియారం పదకొండుంబావు చూపించింది. ఇప్పుడు కూడలిలో వరుస కడుతూ ఉంటారు, బండి వెనక తలుపు తీస్తూ ఉంటారు, ఆవిరి బయటికొస్తూ ఉంటుంది. అదంతా తల్చుకోకూడదని ఎంత అనుకుంటే అంత తల్చుకుంది.

వంతొచ్చింది. రేపాయన నిజానికి చెడ్డవాడేం కాదు. అరిగిపోయిన మనిషి. కళ్ళజోడు ఒకవైపు దారంతో కట్టుకుని ఉంటాడు. ఇద్దరు రావడం చూసి, "ఆఁ, ఇవాళ ఇద్దరూ వచ్చారు, బాగుంది" అన్నాడు. ఈసారి రేపు అనలేదు. పెద్దావిడ బొటనవేలు ఆ చిన్న పెట్టె మీద పెట్టించాడు. పెట్టె ఆకుపచ్చగా వెలిగింది. తెర మీద ఏదో చదివాడు. మళ్ళీ చదివాడు.

"చెప్పు అత్తా" అని కోడలు మోచేత్తో పొడిచింది.

ముసలావిడ శాలువా తల మీదికి లాక్కుంది.

"మా అత్తగారు అప్పుడేదో పరువుకి పోయి అలా చెప్పింది సార్" అంటూ కాజాలావిడే అందుకుంది. "పెద్దావిడ. ఎర్ర జోడు పిల్లని చూసి ఒళ్ళు మండిందట. మాకు ఇల్లు లేదు. చెప్పుల దుకాణం మెట్ల మీద ఉంటున్నాం. కావాలంటే ఎవర్నైనా అడగండి."

"చెప్పడం కాదమ్మా" అన్నాడు రేపాయన. "చెప్పిన మాటలు మేం రాసుకోం. అందరూ ఏదో ఒకటి చెప్తారు. మేం చూసేది వేలిముద్ర. పెద్దావిడ వేలిముద్రకి ఫ్లాటు కనిపిస్తోంది. కూలగొట్టిన భవనం వాళ్ళకిచ్చిన వాటిల్లో మీది మూడో అంతస్తు. రెండు గదులు. తాళం తీసుకున్నారు కూడా."

కాజాలావిడ నవ్వింది. నిజంగానే నవ్వింది. "అయితే ఎవరిదో మాకు అంటుకుంది సార్. మా పేరు రాలేదు. మా ఆయన నెల్లాళ్ళు తిరిగాడు, రాలేదన్నాడు."

"వచ్చిందమ్మా. కుటుంబంలో ముగ్గురు. కొడుకు, తల్లి, భార్య. నాలుగున్నర నెలల కిందట ఇదే ఆఫీసులో, అదిగో ఆ గదిలో ఫోటో దిగారు."

ఆయన తెరని ఇటు తిప్పాడు.

ముగ్గురు నిలబడ్డారు. ఎడమ పక్కన ఆవిడ మొగుడు. పెళ్ళప్పటి కోటు, ఆ కోటుకి కాజాలు కుట్టింది తనే. మధ్యలో అత్తగారు, ఇదే శాలువా. కుడిపక్కన ఎవరో మనిషి. తనకన్నా చిన్నది, జుట్టు నున్నగా దువ్వుకుని ఉంది. ఆ మనిషి కింద "భార్య" అని, పక్కనే పేరు రాసుంది. పేరు కాజాలావిడదే. అక్షరం పొల్లు పోలేదు. ముఖం మాత్రం తనది కాదు.

ఇది ఆకలివల్లేనేమో, ఆకలి ముదిరితే ఇలాంటివి కనిపిస్తాయేమో అనుకుంది. కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఇన్నాళ్ళకి మొగుడి ముఖం చూసిన సంతోషం ఒక్క క్షణం పొంగి, పొంగినంత వేగంగానూ విరిగిపోయింది.

మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

"నువ్వున్నావు" అంది. "అత్తా, అందులో నువ్వున్నావు."

ముసలావిడ కిటికీ చెక్కని రెండు చేతులతో పట్టుకుని ఉంది. వరుసలో వెనకున్నవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"పెన్షన్‌కి వేలిముద్ర వెయ్యాలన్నాడే" అంది ముసలావిడ. "తీరా వచ్చాక ఫోటో అన్నాడు. కోడలేదిరా అంటే, మూటల దగ్గర కాపలా ఉంది, అది వచ్చేసరికి వేళ దాటిపోతుంది, ఈ పిల్ల ఊరికే నిలబడుతుందిలే, ఫోటోయే గదా, తాళం వచ్చాక అందరం వెళ్దాం అన్నాడు. వాడు చెప్తే నమ్మానే."

"ఎన్నాళ్ళు నమ్మావు?"

"తాళం తీసిన రోజు దాకా. తలుపు తీయగానే ఆ పిల్ల ముందు లోపలికి నడిచింది. గిన్నెలు ఎక్కడ పెట్టాలో దానికి అప్పటికే తెలుసు."

"అంటే ఆ రెండు గదులూ, కిటికీ, కుళాయీ..."

"నిజమే. పరువుకి చెప్పలేదు. చూసిందే చెప్పాను. నోరు జారింది."

"మరి అక్కడే ఉండకపోయావా? ఎందుకొచ్చావు నా దగ్గరికి? ఆకలితో చావడానికా?"

"ఉన్నా. ఒక పూట ఉన్నా. కంచంలో వడ్డించి పెట్టింది. బాగానే పెట్టింది, అబద్ధమెందుకు? ముద్ద దిగలేదు. నువ్వేమో ఆ కూలిన గోడల దగ్గర మూటలు కాపలా కాస్తూ కూర్చున్నావు. వాడు బస్సెక్కుతున్నానని నీకు చెప్పి ఆ ఫ్లాట్లోనే ఉన్నాడు. నీకు చెప్దామనే వచ్చానమ్మా. రోజూ పొద్దున చెప్దామనే లేచేదాన్ని. చెప్తే నువ్వు నన్ను ఆ మెట్ల మీదే వదిలేసి నీ దారిన పోతావని భయం. ఇంకెవరున్నారే నాకు?"

కత్తెర అమ్మెయ్యమని ఆవిడ ఎందుకంత పట్టుబట్టిందో కాజాలావిడకి ఇప్పుడర్థమైంది. ఆ కత్తెర అమ్మకుండా తను రెండు పూటలు పస్తు ఉంది. ఆ మొగుడు మూడో అంతస్తులో కూర్చుని ఇంకో కత్తెర కొనుక్కునే ఉంటాడు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఖాళీ కడుపులో కోపం నిలబడటానికి చోటు లేదు.

రేపాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంటి గొడవలు నాకు చెప్పకండమ్మా. నా దగ్గర రెండే గడులున్నాయి. ఇల్లుంది, ఇల్లు లేదు. మీకు ఉంది అని ఉంది."

"ఆవిడ నేను కాదు సార్! నా పేరు పెట్టుకుంది. నేనే నేను!"

"అయితే తేల్చడం ఎంత పని? వేలు పెట్టండి. ఈ ఫోటో ముద్రతో కలవకపోతే, పాత గుర్తింపు కార్డుకిచ్చిన ముద్రతో కలిస్తే, మీ మాట నిజమే అని రాసేస్తాను."

ఇంత సులువా! కాజాలావిడకి ప్రాణం లేచొచ్చింది. కుడి చెయ్యి చీర కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, బొటనవేలు పెట్టె మీద పెట్టింది. పెట్టె ఎర్రగా వెలిగింది.

"ముద్ర పడలేదు. గట్టిగా నొక్కండి."

గట్టిగా నొక్కింది. ఎరుపే. చూపుడువేలు పెట్టింది. ఎరుపు. రేపాయన జేబురుమాలు తీసి అద్దం తుడిచాడు, నోటితో ఊదాడు. నడిమివేలు. ఎడమచేతి వేళ్ళు ఒకటొకటిగా పెట్టింది. అన్నీ ఎరుపే. ఆయన కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

వేళ్ళ చివర్లు నున్నగా ఉన్నాయి. గీతల్లేవు. పదిహేనేళ్ళపాటు రోజుకి రెండొందల కాజాలు. వేలికి తొడుగు వేసుకుంటే చెయ్యి నడవదని, ఉత్త వేలితోనే సూదిని తోసింది. సూది మొన గుచ్చుకుని, మానిన చోటే మళ్ళీ గుచ్చుకుని, గట్టిపడి, పొట్టు రాలి, ఆ గీతలన్నీ ఎవరెవరి చొక్కాల్లోనో కలిసిపోయాయి. "నీ కాజాలు చూస్తే ఎవరి చెయ్యో చెప్పొచ్చు" అని మెచ్చుకునేవాడు కొట్టు యజమాని. ఇప్పుడా చెయ్యి ఎవరిదో చెప్పడానికి లేదు.

"పడవమ్మా ఇవి" అన్నాడు రేపాయన. గొంతులో విసుగు లేదు. అందుకే కాజాలావిడకి ఇంకా భయం వేసింది. "కాగితాలేమైనా ఉన్నాయా?"

"ఆయన కవర్లో పెట్టుకుపోయాడు."

"పెళ్ళి ఫోటో? కొట్టు వాళ్ళిచ్చిన చీటీ?"

"అన్నీ ఆ కవర్లోనే సార్."

ఆయన కళ్ళు నులుముకున్నాడు. తర్వాత పెద్దావిడ వైపు చూశాడు. "ఇక మిగిలింది మీరే. మీ ముద్ర పడింది, మీరెవరో నాకు తెలుసు. మీరు చెప్పండి. ఈవిడ మీ కోడలేనా?"

కాజాలావిడ అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఒక్క ముక్క. ఇందాక బల్ల మీద అడిగిన దానికన్నా చిన్న ముక్క.

"ఆగండి, ముందే చెప్తున్నా" అన్నాడు రేపాయన. "అవును అంటే నేను ఫిర్యాదు రాయాలి. దొంగ మనిషిని పెట్టి ఫ్లాటు తీసుకున్నారని. మీ అబ్బాయిని తీసుకెళ్తారు. మీ వేలిముద్ర కూడా ఉంది కాబట్టి మిమ్మల్నీ పిలుస్తారు. ఫ్లాటుకి సీలు వేస్తారు. అది తేలేదాకా ఈ కుటుంబంలో ఎవరికీ ఏదీ రాదు. ఆశ్రయంలో గది కూడా."

"తేలడానికి ఎన్నాళ్ళు సార్?" అంది కాజాలావిడ.

"మూడేళ్ళు. నాలుగేళ్ళు. నాకెలా తెలుస్తుందమ్మా?"

ముసలావిడ మంచినీళ్ళు అడిగింది. వెనక నిలబడ్డవాళ్ళెవరో చెంబు అందించారు. తాగింది. తెర మీద కొడుకుని చూసింది. కోటు వేసుకుని, తల కాస్త పక్కకి వంచి, చిన్నప్పట్నుంచి ఫోటో అంటే నిలబడే తీరులోనే నిలబడ్డాడు. తర్వాత కోడలి ముఖం చూసింది. చాలాసేపు చూసింది. మాట బయటికొచ్చేముందే కాజాలావిడకి తెలిసిపోయింది.

"నాకు తెలీదు బాబూ" అంది ముసలావిడ. "ఎవరో... నడవలేకపోతుంటే తోడొచ్చింది."

అని, కోడలి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగబడేంత గట్టిగా పట్టుకుని, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

కాజాలావిడ చెయ్యి విడిపించుకోలేదు. నాలుగు నెలలుగా ఈ ముసలిదాన్ని కుళాయి దగ్గరికీ, వరుసలోకీ, దొడ్డికీ పట్టుకుని నడిపించిన చెయ్యి అది, అలవాటుకొద్దీ అక్కడే ఉండిపోయింది.

రేపాయనకి అబద్ధం తెలియకపోలేదు. తెలిసినా ఆయన గడుల్లో దానికి చోటు లేదు. కాగితం మీద ఏదో గీసి, "పెద్దావిడకి ఇల్లుంది, కొడుకున్నాడు. ఇలాంటివాళ్ళని ఇంటికి పంపించాలని రూలు. నంబరుంది, పిలుస్తాను" అన్నాడు. బల్ల మీద ఫోను నొక్కాడు. వినికిడి తక్కువేమో, గట్టిగా వినిపించే మీట కూడా నొక్కాడు. ఫోను మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఆఁ, చెప్పండి" అంది గొంతు.

మొగుడి గొంతే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని గుడ్డ కొలిచే మనిషి, ఎప్పుడు మాట్లాడినా నోరు సగమే తెరిచి మాట్లాడేవాడు. ఇప్పుడూ అలాగే మాట్లాడాడు. కాజాలావిడ కిటికీ చెక్కకి ఆనుకుని నిలబడింది. వెనకాల ఫోనులో గిన్నెల చప్పుడు కూడా వినిపించింది. ఏదో పొయ్యి మీద వేగుతోంది.

"మీ అమ్మగారు ఇక్కడున్నారు. కాళ్ళు వాచిపోయి ఉన్నారు, తిని ఎన్నాళ్ళయిందో. వచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు రేపాయన.

అటువైపు ఏదో తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతు మెల్లగా అడిగింది. "ఒక్కతే ఉందా? పక్కన ఇంకెవరైనా ఉన్నారా?"

రేపాయన ఇటు మాట అటు వినపడకుండా ఇంకో మీట నొక్కిపెట్టి, తలెత్తి కాజాలావిడని చూశాడు. ఆయన కళ్ళలో ప్రశ్న ఉంది. పాపం, ఆయన చెయ్యగలిగింది ఆ ఒక్క ప్రశ్నే.

నాలుగు నెలల మాటలు ఆవిడ గొంతు దాకా వచ్చాయి. ఉన్నాను రా, నీ పెళ్ళాన్ని, నీ కత్తెర కాపలా కాస్తున్న పిచ్చిదాన్ని, అని ఆ ఫోనులో అరవాలనిపించింది. అరిస్తే వాడు రాడు. రాకపోతే ఈ ముసలిది మళ్ళీ మెట్ల మీదికే. నిన్నట్నుంచి ముద్ద లేదు. ఆ కాళ్ళు ఇంకో వారం మొయ్యవు. మూడో అంతస్తులో పొయ్యి మీద ఏదో వేగుతోంది. ముద్ద దిగినా దిగకపోయినా, అక్కడ ఒక కంచం ఉంది.

"ఎవరూ లేరని చెప్పండి" అంది.

ముసలావిడ ఏడుపు మధ్యలో ఆపి తల పైకెత్తింది. నోరు తెరిచింది. కోడలు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరూ లేరండీ" అన్నాడు రేపాయన మీట వదిలి, ఫోనులో.

"అయితే వస్తున్నా. పావుగంటలో ఉంటా."

ఫోను పెట్టేశాడు. గడియారం పదకొండూ ముప్పావు. రేపాయన పాత కాగితాలు సర్దినట్టు నటించాడు. వరుసలో వెనకున్నావిడ ముక్కు చీదింది.

"పావుగంటలో వచ్చేస్తాడు" అన్నాడు తల ఎత్తకుండా. "ఈలోగా మీరు వెళ్ళిపోండమ్మా."

"ఎక్కడికి సార్?" అంది కాజాలావిడ.